ఆ వీసీఆర్‌ని పాత సామాన్ల వాడికి వేసేయకండి

పోయిన నెల మా పెద్దొదిన ఫోన్ చేసింది. వాళ్ళు ఇల్లు మారుతున్నారు. "అటక మీద చెత్తంతా వదిలించేశానే, ప్రాణం హాయిగా ఉంది" అంది. ఏమేం ఇచ్చేశారొదినా అని అడిగితే వరసగా చెప్పింది. మూతల్లేని జాడీలు రెండు, కాలిపోయిన స్టెబిలైజరు, కాలు విరిగిన పీట, మా అన్నయ్య వీసీఆరు, ఒక గోనెసంచెడు క్యాసెట్లు.

"వీసీఆర్‌కి నూటయాభై ఇచ్చాడు. క్యాసెట్లకి ఏమీ రాదమ్మా అన్నాడు. ఊరికే పట్టుకుపొమ్మన్నా."

"మీ పెళ్ళి క్యాసెట్టు కూడా అందులోనే ఉందా?"

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత అంది, "ఉంటే మాత్రం ఏంలే. అది ఆడక పదేళ్ళయింది."

నా గొడవంతా ఆ ఒక్క మాటతోనే. మా వదినతో కాదు. ఆవిడ ఇంట్లో ఇరవయ్యేళ్ళ నాటి కుక్కరు ఇంకా పొయ్యి మీదే ఉంది. ఎలా ఉంది? రబ్బరు పోతే రబ్బరు వేసింది, విజిలు పోతే విజిలు మార్చింది. గ్రైండరు తిరగనంటే బెల్టు తెప్పించి వేయించింది. కుక్కరు ఆవిరి పట్టకపోతే దాన్ని పారేద్దామని ఏ ఇల్లాలూ అనదు. వీసీఆరు విషయంలో మాత్రం "ఆడట్లేదు" అన్నామంటే ఇక దాని కర్మకాండ అయిపోయినట్టే. అందులోనూ ఒక రబ్బరు ఉంటుందని, ఒక బెల్టు ఉంటుందని, అవీ అరుగుతాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోగా ఆ పెట్టెను ముట్టుకోనివ్వలేదు.

గుర్తుందా మీకు? 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో పాటు దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో వీసీఆర్లు మన ఊళ్ళ దాకా వచ్చాయి. గల్ఫ్ వెళ్ళినవాళ్ళు సెలవులకి వచ్చేటప్పుడు తెచ్చేవాళ్ళు. కొనలేనివాళ్ళు టీవీ, వీసీఆరు, మూడు సినిమాల క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని తెల్లవార్లూ చూసేవాళ్ళు. మా ఇంట్లో వీసీఆరు వచ్చిన రోజు దానికి పసుపు బొట్టు పెట్టింది అమ్మ. దానికి క్రోషే కవరు అల్లింది అక్క. రోజూ దుమ్ము తుడిచింది నేను. బటన్ నొక్కడానికి మాత్రం మగవాళ్ళు ఇంటికి వచ్చేదాకా ఆగాలి. "ముట్టుకోకండి, హెడ్డు పాడవుతుంది" అనేవారు నాన్న. హెడ్డు అంటే ఏమిటో ఆయనకీ తెలియదని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

ఇప్పుడు నా క్యాసెట్టు సంగతి చెబుతాను. మా అమ్మాయి బారసాల 1993లో. వీడియో తీయించాం. మా అమ్మ ఉయ్యాల పక్కన కూర్చుని జోలపాట పాడింది. అమ్మకి మంచి గొంతు, కానీ పదిమందిలో పాడమంటే సిగ్గు. ఆ రోజు ఎందుకో పాడింది. అమ్మ పోయాక మాకు మిగిలిన ఆమె గొంతు అదొక్కటే.

1996 మార్చి 9, శనివారం. బెంగళూరులో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనలు, ఇండియా పాకిస్తాన్. ఇంటినిండా మా ఆయన స్నేహితులు. జడేజా వకార్ యూనిస్‌ని బాదుతుంటే ఎవరో "రికార్డు చెయ్యరా" అన్నారు. చేతికి దొరికిన క్యాసెట్టు పెట్టేశారు. దాని మీద లేబుల్ ఊడిపోయి ఉంది. నేను వంటింట్లో పకోడీలు వేస్తున్నాను.

మన వాళ్ళు 39 పరుగుల తేడాతో గెలిచారు. నేను ఏం పోగొట్టుకున్నానో నాకు నెల తర్వాత తెలిసింది.

ఈ కథ ఆయన మీద నేరం మోపడానికి చెప్పడం లేదు. అప్పుడు మోపాను, మోపాల్సినంత మోపాను. ఇప్పుడు చెప్పేది వేరే. ఆ క్యాసెట్టుని కాపాడటానికి కావలసింది ఒక్క క్షణం పని. వీహెచ్ఎస్ క్యాసెట్టుకి లేబుల్ అంటించే వీపు వైపు ఒక మూలన చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. స్క్రూడ్రైవరు మొనతో దాన్ని విరిచేస్తే ఇక ఏ వీసీఆరూ ఆ క్యాసెట్టు మీద రికార్డు చేయదు. మళ్ళీ రికార్డు చేయాలనుకుంటే ఆ కన్నం మీద సెల్లోటేపు ముక్క అంటిస్తే చాలు. అంతే. అట్లకాడ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా చేయగల పని. ఆ ముక్క సంగతి నాకు తెలియదు, ఎందుకంటే నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆయనకీ తెలియదు. తెలిసినట్టు తిరిగారంతే.

అదీ నేనంటున్నది. మన ఇళ్ళలో ఆ మెషీను మగవాళ్ళ చేతిలో ఉంది కానీ దాని గురించిన తెలివి ఎవరి చేతిలోనూ లేదు. వాళ్ళు పుస్తకం చదవలేదు, మనల్ని చదవనివ్వలేదు. ఇప్పుడు వాళ్ళకి దాని మీద మోజు తీరింది. "ఆ పాత చెత్త ఎందుకు, తీసెయ్" అంటున్నారు. మనం తీసేస్తున్నాం. ముట్టుకోవద్దన్నప్పుడూ విన్నాం, పారేయమన్నప్పుడూ వింటున్నాం.

మీలో కుట్టుమిషను తొక్కినవాళ్ళు ఎందరో ఉన్నారు. దారం కండె నుంచి బయల్దేరి, టెన్షన్ బిళ్ళల మధ్య నుంచి, కొక్కెంలోంచి, సూదిలోకి వెళుతుంది. ఎక్కడ ఒక మెలిక తప్పినా కుట్టు పడదు. వీసీఆరు లోపల ఉన్నది అదే పని, దారం బదులు టేపు. 180 నిమిషాల క్యాసెట్టులో దాదాపు 258 మీటర్ల టేపు ఉంటుంది, అర అంగుళం వెడల్పు. క్యాసెట్టు లోపలికి వెళ్ళగానే రెండు చిన్న స్తంభాలు ఆ టేపుని బయటికి లాగి, ఏటవాలుగా నిలబెట్టిన ఒక మెరిసే డ్రమ్ము చుట్టూ చుడతాయి. ఆ డ్రమ్ములోనే ఉంటాయి మా నాన్న భయపెట్టిన హెడ్లు. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో ఆ డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. హెడ్లు టేపు మీద ఏటవాలు గీతలుగా బొమ్మని రాస్తాయి, చదువుతాయి. ఒక్కో గీత వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, మన తలవెంట్రుక కన్నా సన్నం. డ్రమ్ము దాటాక ధ్వని చదివే హెడ్డు వేరే ఉంటుంది. ఆ తర్వాత ఒక ఉక్కు ఇరుసు, దాన్ని నొక్కుతూ ఒక నల్లటి రబ్బరు రోలరు. టేపుని సమానమైన వేగంతో ముందుకి లాగేది ఆ రెండే. చివర టేపుని మళ్ళీ చుట్టుకునే చక్రం. ఆ చక్రాన్ని తిప్పేది ఒక రబ్బరు బెల్టో, రబ్బరు అంచున్న చిన్న చక్రమో.

ఇంతే. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే సగం రోగాలు మీరే చెప్పగలరు. బొమ్మంతా చీమలు పాకినట్టుండి మాట మాత్రం బాగా వినిపిస్తుంటే బొమ్మ హెడ్లకి మురికి పట్టిందన్నమాట. ధ్వని హెడ్డు వేరు కాబట్టి మాట వస్తోంది. బొమ్మలో అడ్డంగా ఒక గీతల పట్టీ నిలబడి ఉంటే ట్రాకింగ్ బటన్ తిప్పి చూడాలి. వేరే మెషీనులో రికార్డయిన క్యాసెట్టుకి అది మామూలే. పాట సాగదీసినట్టు వినిపిస్తే రబ్బరు రోలరు, దాని పక్కన ఇరుసు మురికిగా ఉండి ఉంటాయి. బొమ్మ వచ్చి నాలుగు సెకన్లకే మెషీను ఆగిపోతుంటే చాలాసార్లు చుట్టుకునే చక్రం తిరగడం లేదని అర్థం. టేపు లోపల కుప్పపడకుండా మెషీను తనంతట తానే ఆగిపోతోంది. అరిగిన బెల్టు, జారుతున్న రబ్బరు. మా అన్నయ్య వీసీఆరు కూడా సరిగ్గా అలాగే ఆగిపోయేదని వదిన చెప్పింది. గ్రైండరు బెల్టు మార్పించిన మనిషి, అంతకన్నా చిన్న రబ్బరు కోసం తన పెళ్ళిని గోనెసంచిలో పంపించేసింది.

శుభ్రం చేయడం కూడా చెబుతాను, ఎందుకంటే అక్కడే ఎక్కువ ప్రమాదాలు. ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపడం కాదు, పీకేయడం. లోపల కరెంటు వచ్చే భాగం జోలికి వెళ్ళొద్దు. పైమూత తీశాక స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. డెట్టాలు, సెంటు, శానిటైజరు, కొబ్బరినూనె ఇవేవీ వద్దు. ధ్వని హెడ్డు, ఉక్కు ఇరుసు తుడవడానికి చెవిలో పెట్టుకునే దూది పుల్ల పనికొస్తుంది. బొమ్మ హెడ్ల దగ్గరికి మాత్రం దూది తీసుకెళ్ళకండి. అక్కడి హెడ్డు అంచు చాలా సున్నితం, దూది పోగు చిక్కుకుంటే విరుగుతుంది. మెత్తటి తోలు ముక్క, కళ్ళజోడు తుడుచుకునే పోగులు రాని గుడ్డ తడిపి, డ్రమ్ముకి ఆనించి కదపకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని మెల్లగా తిప్పాలి. గుడ్డని పైకీ కిందికీ రుద్దితే హెడ్డు పోతుంది. రబ్బరు రోలరుని నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడిస్తే చాలు, ఆల్కహాల్ రబ్బరుని ఎండగొడుతుంది. పూర్తిగా ఆరాకే మూత వేసి ప్లగ్గు పెట్టాలి. హెడ్ క్లీనర్ క్యాసెట్లు అని అమ్మేవారు, గుర్తుందా? పొడిగా తిరిగే రకం ఇసక కాగితం లాంటిది. ఊరికే మాటిమాటికీ వేస్తే శుభ్రం కావడం అటుంచి హెడ్డు అరిగిపోతుంది.

ఇవన్నీ నాకు ఎలా తెలిశాయంటారా? మా వీధి చివర టీవీలు బాగుచేసే అబ్బాయి దగ్గరికి మెషీను పట్టుకెళ్ళాను. "సార్‌ని పంపండి మేడమ్, ఆయనకి చెబుతాను" అన్నాడు. సారు రారు బాబూ, నాకే చెప్పు అన్నాను. మొదటి రోజు మొహమాటపడ్డాడు. రెండో రోజు స్టూలు వేశాడు. మూడో రోజు డ్రమ్ము నా చేతే తిప్పించాడు. చదువుకున్న ఆడవాళ్ళం, మూడు రోజులు స్టూలు మీద కూర్చోవడానికి మనకి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ తప్పు కొంత మనది కూడా.

ఇక క్యాసెట్ల సంగతి. మన ఇళ్ళలో వాటిని ఎక్కడ పెడతాం? అటక మీద. ఎండాకాలం ఇంట్లో అన్నిటికన్నా ఉడికిపోయే చోటు అదే, వానాకాలం చెమ్మ చేరే చోటూ అదే. పట్టుచీరని అక్కడ పెడతామా? బీరువాలో పెడతాం, ఏడాదికోసారి తీసి మడత మార్చి పెడతాం, ఒకే మడత మీద ఉంటే చీర చిట్లిపోతుందని. క్యాసెట్టుకీ అంతే మర్యాద కావాలి. పుస్తకాల్లా నిలబెట్టి, రీలు మొత్తం ఒక వైపు చుట్టి, పొడిగా ఉన్న బీరువాలో పెట్టాలి. రెండు మూడేళ్ళకోసారి చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి చుట్టాలి. స్పీకర్ల పక్కన పెట్టకూడదు, వాటిలో అయస్కాంతం ఉంటుంది. కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌కి పడదు. చూసేటప్పుడు ఒకే చోట చాలాసేపు పాజ్‌లో ఉంచకండి, డ్రమ్ము ఆ ఒక్క చోటే రుద్దుతూ తిరుగుతుంటుంది.

క్యాసెట్టు కిటికీలోంచి చూడండి. నల్లటి రీలు అంచున తెల్లగా పిండి చల్లినట్టు కనిపిస్తే అది బూజు. కోస్తా ఊళ్ళలో ఇది మామూలే. దాన్ని మెషీనులో పెట్టకండి. బూజు హెడ్లకి అంటుకుంటుంది, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకీ అంటుతుంది. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదని మనకి ఎవరైనా నేర్పాలా? ఇదీ అంతే. ఆ క్యాసెట్టుని విడిగా కవరులో పెట్టి, బూజు తీయడం తెలిసినవాళ్ళకి ఇవ్వాలి. పారేయాల్సిన పని లేదు.

ఇంకో మాట. అమెరికా నుంచి చెల్లెలో బావగారో పంపిన క్యాసెట్టు పెడితే బొమ్మ నలుపు తెలుపై ఎగురుతోందని "ఇది పాడైంది" అని పక్కన పడేసినవాళ్ళు ఎందరో. అది పాడవలేదు. అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు. మనది పాల్, 625 గీతలు. రెండూ చదవగల వీసీఆరు కావాలి. గల్ఫ్ నుంచి వచ్చిన పాత మెషీన్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండేది. అంటే మీరు నూటయాభైకి ఇచ్చేస్తున్నది అలాంటిదే కావచ్చు.

"మాకా భయం లేదు, మేం ఎప్పుడో సీడీల్లోకి ఎక్కించేశాం" అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ పేరా. ఇరవయ్యేళ్ళ కిందట షాపులవాళ్ళు ఎక్కించి ఇచ్చింది చాలామటుకు వీసీడీ. అందులో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. డీవీడీలో 720, 576. అంటే వీసీడీ చేయించి క్యాసెట్టు పారేసినవాళ్ళు నిండు చీర ఇచ్చేసి జాకెట్టు ముక్క దాచుకున్నట్టు. పైగా ఇంట్లోనో షాపులోనో రాసిన డిస్కు, సినిమా కంపెనీ అచ్చువేసిన డిస్కు ఒకటి కాదు. రాసిన డిస్కులో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో. ఎండకీ వేడికీ ఆ రంగు వెలుస్తుంది. కిటికీ పక్కన షోకేసులో పెట్టిన డిస్కు ఒకరోజు ఊరికే "నో డిస్క్" అంటుంది.

డిస్కుని ఎలా చూసుకోవాలో కూడా తిరగేసి నేర్పారు మనకి. మెరిసే వైపు గీత పడకూడదని జాగ్రత్త పడి, పేరున్న వైపు బల్ల మీద పెట్టి ఈడుస్తాం. నిజానికి సీడీలో, వీసీడీలో సమాచారం ఉన్న పొర పేరున్న వైపే, పల్చటి పూత కింద ఉంటుంది. అటువైపు లోతుగా గీరుకుంటే ఇక చేసేదేమీ లేదు. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం. బాల్‌పెన్నుతో పేరు రాయకండి, స్టిక్కరు అంటించకండి. తుడిచేటప్పుడు అట్లపెనానికి నూనె రాసినట్టు గుండ్రంగా తిప్పకండి. లేజరు చదివేది గుండ్రంగానే, అటే గీత పడితే వరసగా చాలా సమాచారం ఒకేసారి పోతుంది. మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. ఒక డిస్కు ఆడకపోతే ఇంకో నాలుగు పెట్టి చూడండి. ఏవీ ఆడకపోతే లోపం డిస్కులో కాదు, ప్లేయరు లెన్స్ మీద చేరిన దుమ్ములో కావచ్చు. అమెరికా నుంచి వచ్చిన సినిమా డీవీడీ ఆడకపోతే అది రీజియన్ తేడా. వాళ్ళది 1, మనది 5. ఇంట్లో డీవీడీ రికార్డరుతో తీసిన డిస్కు వేరే ప్లేయరులో ఆడకపోతే, దాన్ని రికార్డు చేసిన మెషీనులోనే "ఫైనలైజ్" చేయాల్సి ఉండొచ్చు. ఆ రికార్డరుని కూడా ఇచ్చేశారా? అదే నా బాధ.

ఈమధ్య ఇల్లు సర్దుకునే సలహాలు ఎక్కువయ్యాయి. ఏడాదిగా వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదట. నేనూ సర్దుతాను, నాకూ ఇల్లు ఖాళీగా ఉంటే ఇష్టమే. కానీ ఆ సూత్రం గిన్నెలకి పనికొస్తుంది, చీరలకి కొంత పనికొస్తుంది. క్యాసెట్లకి పనికిరాదు. పారేసిన గిన్నె మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆ సలహాలు రాసేవాళ్ళు, చదివి పాటించేవాళ్ళు ఎక్కువమంది మనమే కాబట్టి ఈ మాట మనవాళ్ళకే చెబుతున్నాను. పారేయాలని ఉంటే సినిమా క్యాసెట్లు పారేయండి. అవన్నీ ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. మీ బారసాలలు, సీమంతాలు, గృహప్రవేశాలు, పిల్లల స్కూలు డాన్సులు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. వాటిల్లో తెర మధ్యలో ఎవరున్నా, వెనక తిరుగుతూ, వడ్డిస్తూ, పిలుస్తూ ఉండేది మన అమ్మలూ అత్తలే. ఫొటో తీసేటప్పుడు కొంగు సర్దుకుని నిలబడతారు. కదిలేదీ మాట్లాడేదీ వీడియోలోనే.

"షాపులో ఇస్తే ఎక్కించి ఇస్తారుగా, మెషీను ఎందుకు" అనొచ్చు. ఇవ్వండి, తప్పు లేదు. కానీ కాలం మన పక్కన లేదు. జపాన్‌లో ఫునాయ్ అనే కంపెనీ 2016 జూలైతో వీసీఆర్ల తయారీ ఆపేసింది. అప్పటిదాకా మిగిలిన చివరి కంపెనీ అదే. అంటే ఆ షాపువాడి దగ్గరున్నదీ పాత మెషీనే, ఎవరో ఒక వదిన నూటయాభైకి ఇచ్చిందే. షాపులో ఇస్తే మూడు మాటలు గట్టిగా చెప్పండి. డిస్కు ఒక్కటే కాదు, ఫైలు కూడా పెన్‌డ్రైవులో కావాలి. మధ్యలో కత్తిరించకూడదు, పాటలు కలపకూడదు. క్యాసెట్టు తిరిగి ఇవ్వాలి. పాటల సంగతి ఎందుకంటున్నానంటే, మన పెళ్ళి వీడియోలకి అదొక శాపం. తాళి కట్టే వేళ మేళం, అప్పగింతలప్పుడు అమ్మ ఏడుపు, బంధువుల పలకరింపులు, అన్నీ చెరిపేసి సినిమా పాటలు పెట్టారు. పెళ్ళికూతుర్ని గులాబీ పువ్వు మధ్యలో కూర్చోబెట్టారు. మన మాటలకన్నా పాటే నయమని ఎవరు నిర్ణయించారో!

మీరే చేసుకోవాలంటే అదీ బ్రహ్మవిద్య కాదు. వీసీఆరు వెనక పసుపుపచ్చ సాకెట్టులోంచి బొమ్మ, తెలుపు ఎరుపు సాకెట్లలోంచి ధ్వని బయటికి వస్తాయి. ఆ తీగలు ఒక చిన్న క్యాప్చర్ పరికరానికి, అది కంప్యూటరు యూఎస్‌బీకి. కంప్యూటరులో రికార్డు నొక్కి, వీసీఆరులో ప్లే నొక్కడమే. మూడు గంటల క్యాసెట్టుకి మూడు గంటలు పడుతుంది, తొందర కుదరదు. పప్పు నానబోసి వేరే పని చూసుకున్నట్టు, దాన్ని అలా వదిలి మధ్యమధ్య ఒక కన్నేసి ఉంచండి. ఫైలు రెండు చోట్ల దాచండి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర. అప్పటికి కూడా క్యాసెట్టు పారేయకండి.

నా బారసాల క్యాసెట్టు సంగతి మధ్యలో వదిలేశాను. క్రికెట్టు రికార్డయినంత మేర పాతది పూర్తిగా పోయింది, దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. జోలపాట పోయింది. కానీ మ్యాచి అయిపోయాక కూడా టేపు ఇంకా మిగిలి ఉంది. చివరి పదకొండు నిమిషాలు బారసాలే. ఇన్నేళ్ళూ ఎవరూ అక్కడిదాకా చూడలేదు. హెడ్లు శుభ్రం చేసి, రోలరు తుడిచి, మా భోజనాల బల్ల మీద నేనే ఎక్కించాను. అందులో అమ్మ పాడదు. వాకిట్లో నిలబడి ఎవరికో తాంబూలం ఇస్తూ, "ఎండన పడి వెళతారేం, కాస్త మజ్జిగ తాగి బయల్దేరండి" అంటుంది. అంతే ఉంది. మా అమ్మాయి దాన్ని తన ఫోనులో పెట్టుకుంది.

వదినకి ఇదంతా చెప్పాను. మర్నాడు పాత సామాన్ల వాడి కోసం నాలుగు వీధులు తిరిగిందట, దొరకలేదు. తర్వాత వాళ్ళ పుట్టింటికి ఫోన్ చేసింది. ఆ రోజుల్లో పెళ్ళి క్యాసెట్టు రెండు కాపీలు తీయించేవారు కదా, ఆడపెళ్ళివారికొకటి, మగపెళ్ళివారికొకటి. వాళ్ళ అమ్మగారి ట్రంకుపెట్టెలో, పట్టుబట్టల కింద ఒకటి ఉందట. వచ్చే ఆదివారం పట్టుకుని మా ఇంటికి వస్తోంది. మెషీను శుభ్రం చేసి ఉంచమంది. చేయను, వచ్చాక తన చేతే చేయిస్తాను అన్నాను.